రెండు గొట్టాల రంగు

సంక్రాంతికి ఊరొచ్చిన మా మేనల్లుడు సంచిలోంచి ఓ ప్లాస్టిక్ పెట్టె తీసి అరుగు మీద పెట్టాడు. ఒలిచిన కొబ్బరికాయ పట్టేంత ఉంది. గాజులా తేటగా ఉంది. పక్కలకి గొట్టాలు తగిలించే మూతులున్నాయి. లోపల తెల్లగా, పట్టుబట్ట మడతలు పెట్టి అదిమినట్టు ఏదో కుక్కి ఉంది.

"ఇదేంటో చెప్పు మావయ్యా."

"నీళ్లు వడగట్టేదా?"

"ఊపిరితిత్తి."

వాడు హైదరాబాదులో పెర్ఫ్యూజనిస్టు. గుండె ఆపరేషన్ జరిగేటప్పుడు గుండెకీ ఊపిరితిత్తులకీ బదులు యంత్రాన్ని నడిపే ఉద్యోగం. ఆ పెట్టె ఆక్సిజనేటరు, ఎక్మో అనే యంత్రానికి ప్రాణం అదే. దాన్ని ఎవరికీ వాడలేదు, గడువు తీరిపోయిందని కొత్తగా చేరిన పిల్లలకి పాఠం చెప్పడానికి ఉంచుకున్నారట. నేను దాన్ని పండగ మూడు రోజులూ అటూ ఇటూ తిప్పి చూశాను. మంచి పనితనం కనబడితే చేతికి తీసుకోకుండా ఉండలేను. తాళం కానీ, తక్కెడ కానీ, ఇది కానీ.

ఎక్మో అన్న మాట మన ఇళ్లలోకి వచ్చింది 2020లో. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఆగస్టు 5న కోవిడ్‌తో చెన్నైలోని ఎం.జి.ఎం. హెల్త్‌కేర్‌లో చేరారు. నెల మధ్యకొచ్చేసరికి ఐసీయూ, ఆ తర్వాత వెంటిలేటరు, ఎక్మో. అక్కణ్ణించి బులెటిన్లలో ఆ రెండు మాటలూ జంటగానే వినబడేవి. అమలాపురం గడియార స్తంభం సెంటర్లో టీ గ్లాసు పట్టుకున్నవాళ్లు కూడా "ఎక్మో తీసేశారంటండీ?" అని అడుక్కునేవారు. సెప్టెంబరు 25న ఆయన పోయారు. దాంతో మనవాళ్ల మనసులో ఒక లెక్క ఖాయమైపోయింది: ఎక్మో పెట్టారంటే ఇక అయిపోయినట్టేనని. ఇది యంత్రానికి జరిగిన అన్యాయమని నా అభిప్రాయం. ఆయన మెలకువగా ఉన్నారనీ, ఫిజియోథెరపీ చేయిస్తున్నారనీ కొడుకు చరణ్ వీడియోల్లో చెబుతుండేవారు గుర్తుందా? ఊపిరితిత్తులు పనిచెయ్యని మనిషి అన్నాళ్లు మెలకువగా ఉండటమే ఆ యంత్రం చేసిన పని. దాని పనిలో వైద్యం లేదు. గడువు ఇవ్వడం ఒక్కటే ఉంది.

ఇక్కడ వెంటిలేటరుకీ దీనికీ తేడా ఒకసారి చెప్పుకోవాలి. మా లంకల్లో వానాకాలం కట్లపాము కరిచిన మనిషి ఊపిరాడక పోతాడు. ఊపిరితిత్తులకి ఏ జబ్బూ ఉండదు, ఛాతీని ఆడించే కండరాలు పడిపోతాయి. గాలి తోసే వెంటిలేటరు ఉంటే చాలు, విషం దిగేదాకా మనిషి నిలబడతాడు. గట్టి న్యుమోనియాలో, ఫ్లూలో, కోవిడ్‌లో, ఎలుకల మూత్రం కలిసిన చేలనీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ముదిరినప్పుడు సంగతి వేరు. గాలిగదుల్లోకి నీరు ఊరి, మెత్తటి ఊపిరితిత్తి తడిసిన గోనెసంచిలా బరువెక్కుతుంది. డాక్టర్లు ఏఆర్‌డీఎస్ అంటారు. గాలి లోపలికి వెళుతుంది కానీ రక్తం దాకా చేరదు. చేరలేదని ఇంకా గట్టిగా తోస్తే, మిగిలిన నాలుగు మంచి గదులూ చిరుగుతాయి. అప్పుడు చెయ్యగలిగింది ఒక్కటే: గాలిని రక్తం దగ్గరికి పంపడం మానేసి, రక్తాన్నే బయటికి తెచ్చి గాలికి చూపించడం.

చెప్పడం తేలిక. ఆ పెట్టెలో ఉన్న కష్టమంతా ఈ చూపించడంలోనే ఉంది.

మావాడు చిన్న ముక్క ఒకటి విడిగా తెచ్చాడు, లోపలి సరుకు కోసి చూపించడానికి. అరచేతిలో వేసుకుంటే బరువు తెలీదు. పాలీమిథైల్‌పెంటీన్ అనే ప్లాస్టిక్, నీళ్లలో వేస్తే తేలుతుంది. భూతద్దం పెట్టి చూశాను. అది బట్ట కాదు, గొట్టాలు! ఒక్కొక్కటి మిల్లీమీటరులో మూడో వంతు కంటే కాస్త లావు, నాలుగు తలవెంట్రుకలు పక్కపక్కన పెడితే ఎంతో అంత. ఆ సన్నటి పోగు మధ్యలో బోలు. దాని గోడ మందం ఇంచుమించు ఒక్క వెంట్రుకంత. ఇలాంటివి వేలకు వేలు వరసగా పేర్చి, మధ్యమధ్య పాలిస్టర్ దారంతో అడ్డంగా కట్టు కట్టి చాపలా చేశారు. బండారులంక మగ్గాల దగ్గర పెరిగినవాళ్లకి ఇది చూడగానే బోధపడుతుంది. పడుగు ఊపిరి పీల్చే గొట్టాలు, పేక వాటిని కదలకుండా పట్టుకునే దారం. ఒక చాప నిలువు, దాని మీద చాప అడ్డం, మళ్లీ నిలువు. అలా దొంతర్లు దొంతర్లుగా పేర్చి పెట్టెలో బిగించారు.

అడ్డదిడ్డంగా పేర్చడం బలం కోసం అనుకున్నాను. కాదట. గొట్టాల లోపల ఆక్సిజన్ పారుతుంది, బయట సందుల్లో రక్తం పారుతుంది. మన ఊపిరితిత్తిలో రక్తకణాలు ఒంటి వరసలో, గోడకి ఆనుకుని నడుస్తాయి. అందుకే ప్రతి కణానికీ గాలి తగులుతుంది. ఈ పెట్టెలో సందులు అంతకన్నా చాలా వెడల్పు. చాపలన్నీ ఒకే దిక్కుకి పేరిస్తే అంచున పోయే రక్తం ఎర్రబడుతుంది, నడిమధ్య పోయేది నల్లగానే దాటిపోతుంది. నిలువూ అడ్డమూ మార్చి పేరిస్తే రక్తం ప్రతి గొట్టం దగ్గరా చీలి, చుట్టుకొని, మళ్లీ కలుస్తుంది. తెడ్డు లేకుండా తిప్పుతున్నట్టన్నమాట. మనిషి ఊపిరితిత్తి విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. ఈ దొంతరంతా విప్పితే దాదాపు 1.8, అంటే ఒక మంచం మీది దుప్పటి. ఆ దుప్పటితో మంచాన పడ్డ పెద్దమనిషిని గట్టెక్కించేది ఈ పేర్పే.

ఆ గోడలో ఇంకో రహస్యం ఉంది. వెనకటి గొట్టాలు పాలీప్రొపిలీన్‌వి, గోడనిండా సన్నటి రంధ్రాలు. గాలి బాగానే దాటేది. కొన్ని గంటలు గడిచేసరికి రక్తంలోని నీరు కూడా ఆ రంధ్రాల్లోంచి ఊరి, గాలి పోయే మూతి దగ్గర పసుపు నురుగు కట్టేది. ఆపరేషన్ నాలుగు గంటల్లో అయిపోతుంది కాబట్టి అక్కడ పరవాలేదు, వారాల తరబడి ఎలా? ఈ కొత్త పోగుకి పైన రంధ్రం లేని పలచని తోలు ఉంటుంది. గాలి ఆ తోలులో ఇంకి అవతలికి తేలుతుంది, నీరు మాత్రం ఆగిపోతుంది. జర్మనీలోని వుప్పర్టాల్‌లో ఈ పోగు తీయడం సాధించారు. ఎక్మో రోజుల నుంచి వారాలకి సాగిందంటే ఆ తోలు చలవే.

కొత్తపేట నుంచి రాజోలు పోయేటప్పుడు పి.గన్నవరం దగ్గర అక్విడెక్టు దాటుతాం. 19వ శతాబ్దం నడుమ 49 కమానుల మీద కట్టిన పాతదీ ఉంది, డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్న కొత్తదీ ఉంది. కింద వైనతేయ తన దారిన సముద్రానికి పోతుంటుంది, పైన కాలువ నగరం దీవికి పోతుంటుంది. రెండు నీళ్లు, ఒకే చోట, చుక్క కలవకుండా. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చూసి ఇంతకన్నా తెలివైన కట్టడం లేదనుకునేవాణ్ణి. ఈ పెట్టెలోనూ రెండు ప్రవాహాలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి, చుక్క కలవదు. కానీ దాటేటప్పుడు ఒకటి రెండోదానికి ఆక్సిజన్ ఇచ్చి కార్బన్ డయాక్సైడ్ పట్టుకుపోతుంది.

రక్తాన్ని ఈ పెట్టె దాకా తెచ్చేది పంపు. మొదట్లో గొట్టాన్ని రోలర్లతో నొక్కి తోసేవారు, చెరుకురసం బండిలో చెరుకు పెట్టినట్టు. రక్తకణాలు నలిగేవి. ఇప్పటిది గిరగిరా తిరిగే చక్రం, నిమిషానికి మూడు నాలుగు వేల చుట్లు. మంచి రకాల్లో ఆ చక్రానికి ఇరుసు లేదు. అయస్కాంతాల నడుమ, రక్తంలో తేలుతూ తిరుగుతుంది. ఇరుసు ఉంటే రాపిడి, రాపిడి ఉంటే వేడి, వేడి ఉన్నచోట రక్తం గడ్డకడుతుంది. నిమిషానికి నాలుగు నుంచి ఆరు లీటర్ల రక్తం దీంట్లోంచి పోతుంది. మామూలు మనిషి గుండె కూర్చున్నప్పుడు తోసేది దాదాపు అంతే.

గొట్టాలు రెండు. ఒకటి తొడ దగ్గరి సిరలోంచి పైకి, గుండె గుమ్మం దాకా పోయి నల్లరక్తం లాగుతుంది. రెండోది సాధారణంగా మెడ కుడిపక్క సిరలోకి దిగి ఎర్రరక్తం వదులుతుంది. లాగే గొట్టం సుమారు 8 మిల్లీమీటర్లు, గోడలో సన్నటి ఉక్కు తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. మనిషి కాలు మడిచినా గొట్టం మడతపడదు. ముందు సూది, సూదిలోంచి తీగ, తీగ మీద ఒకదాని తర్వాత ఒకటి లావుపాటి కడ్డీలు తోసి దారి వెడల్పు చేసుకుంటూ పోతారు. ఈ తీగ ఉపాయం సెల్డింగర్ అనే స్వీడన్ డాక్టరు 1953లో చెప్పింది.

మావాడి మాటల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది పంపు సంగతి. "ఒక్కోసారి లాగే గొట్టం వణుకుతుంది మావయ్యా. కొత్తవాడైతే రక్తం తక్కువొస్తోందని స్పీడు పెంచేస్తాడు. ఇంకా వణుకుతుంది." నాకు వెంటనే మా చేలో ఆయిల్ ఇంజను గుర్తొచ్చింది. బోదెలో నీరు తగ్గాక ఇంజను రేజు చేస్తే ఫుట్‌వాల్వు గాలి పీలుస్తుంది తప్ప నీళ్లు ఎక్కువ రావు. ఏ రైతైనా రేజు తగ్గిస్తాడు. వాళ్లూ అంతే: స్పీడు తగ్గించి, రోగి ఒంట్లో నీరు తక్కువైందా, దగ్గుతున్నాడా, గొట్టం జరిగిందా అని వెతుకుతారు.

"సగం పని మా గోదారోళ్లకి ముందే వచ్చన్నమాట" అన్నాను. నవ్వాడు కానీ ఒప్పుకోలేదు.

యంత్రం మీద తిప్పే మీటలు ముఖ్యంగా రెండే. ఒకటి రక్తం పారే వేగం, రెండోది పెట్టెలోని సన్న గొట్టాల్లో ఊదే గాలి వేగం. ఆక్సిజన్ ఎక్కాలంటే రక్తం ఎక్కువ పారించాలి. కార్బన్ డయాక్సైడ్ దిగాలంటే గాలి ఎక్కువ ఊదాలి. పెట్టెలోంచి బయటికొచ్చేసరికే రక్తం ఆక్సిజన్‌తో నిండిపోయి ఉంటుంది కాబట్టి గాలి ఎంత ఊదినా ఇంకా నింపలేం, ఇంకాస్త రక్తాన్ని ఆ దారి పట్టించాలి. కార్బన్ డయాక్సైడ్ గోడలు చాలా తేలిగ్గా దాటుతుంది, దాన్ని ఊడ్చేయడానికి గాలి చాలు. గాలి మరీ ఒక్కసారిగా పెంచితే రోగి మెదడుకి రక్తం పోయే నాళాలు ముడుచుకుపోతాయి. అందుకే మొదటి గంటల్లో ఆ మీటను మెల్లమెల్లగా తిప్పుతారు.

ఇంత చక్కటి వస్తువు చేతిలో ఉన్నా మొదట్లో లోకం దీన్ని నమ్మలేదు. 1971లో కాలిఫోర్నియాలో బండి ప్రమాదంలో నలిగిన 24 ఏళ్ల కుర్రాణ్ణి డొనాల్డ్ హిల్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు 75 గంటలు ఇలాంటి యంత్రం మీద ఉంచి బతికించారు. పెద్దవాళ్లలో అది మొదటి గెలుపు. ఆ ఊపులో అమెరికాలో తొమ్మిది ఆసుపత్రులు కలిసి 90 మంది మీద పరీక్ష పెట్టాయి. 1979లో ఫలితం వచ్చింది. యంత్రం పెట్టినవాళ్లలోనూ పెట్టనివాళ్లలోనూ బతికింది పదిలో ఒకరు లోపే. పెద్దవాళ్లకి ఎక్మో దండగ అని చాలామంది తేల్చేశారు. పసిపిల్లల కోసం డాక్టరు బార్ట్‌లెట్ లాంటి కొద్దిమంది పట్టువదలకుండా నడిపించారు కాబట్టి విద్య బతికింది.

ఆ పరీక్షలో తప్పు ఎక్కడుందో ఇప్పుడు చదివితే నాకు కాలువలు గుర్తొస్తాయి. దాళ్వా కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా. ధవళేశ్వరం దగ్గర గేట్లు దించి, పూడిక తీసి, లాకులు బాగుచేసి, గండ్లు పూడుస్తారు. ఆ రోజుల కోసం ముందే మంచినీళ్ల చెరువులు నింపి పెట్టుకుంటాం. చెరువు కాలువను బాగుచెయ్యదు, బాగుచేసే నాల్రోజులూ ఊరి దాహం తీరుస్తుంది. 1979 నాటివాళ్లు చెరువు నింపారు కానీ కాలువ కట్టలేదు. ఒకపక్క యంత్రం నడుస్తుండగానే వెంటిలేటరుతో దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లోకి గాలి గట్టిగా కొడుతూనే ఉన్నారు. దానికితోడు రక్తస్రావం విపరీతం. ఇప్పుడు ఎక్మో పెట్టగానే చేసే మొదటి పని వెంటిలేటరును తగ్గించడం: నిమిషానికి పది సార్లు, మెల్లగా, ఊపిరితిత్తి ముడుచుకుపోకుండా ఉండేంత ఒత్తిడి. మానిటరు మీద ఆక్సిజన్ 88 కనబడితే బయట బంధువులు కంగారుపడతారు. లోపలివాళ్లు పడరు. ఒంట్లోని రక్తమంతా యంత్రంలోంచి పోదు, కొంత జబ్బు ఊపిరితిత్తుల దారినే పోయి వచ్చి కలుస్తుంది. ఆ మాత్రంతో ఒళ్లు నడుస్తుంటే, నంబరు అందంగా కనబడాలని ఊపిరితిత్తిని మళ్లీ కొట్టరు.

2009లో బ్రిటన్ పరీక్ష వచ్చాక గాలి మళ్లింది. 180 మంది రోగుల్లో సగం మందిని లెస్టర్‌లోని గ్లెన్‌ఫీల్డ్ ఆసుపత్రికి పంపారు, మిగతావాళ్లకి ఉన్నచోటే వైద్యం. ఆరునెలలకి పెద్ద వైకల్యం లేకుండా బతికి ఉన్నది అక్కడికి వెళ్లినవాళ్లలో 63 శాతం, వెళ్లనివాళ్లలో 47. ఇందులో ఎక్కువమంది దాటేసే అంకె ఇంకోటుంది. లెస్టర్‌కి పంపిన 90 మందిలో ఎక్మో పెట్టింది 68 మందికే. తక్కినవాళ్లలో కొందరు ఆ చేతుల్లో పడ్డందుకే యంత్రం లేకుండానే కోలుకున్నారు. 2018లో 249 మంది మీద ఫ్రాన్సు వాళ్లు నడిపిన పరీక్షలో రెండు నెలల్లో చనిపోయింది ఎక్మో వైపు 35 శాతం, రెండోవైపు 46. గణితం ప్రకారం తిరుగులేని రుజువు కాదన్నారు. రెండోవైపు వాళ్లలో మరీ విషమించినవాళ్లకి కూడా చివరికి ఎక్మో పెట్టాల్సి వచ్చింది మరి.

యంత్రం కన్నా ముందు చెయ్యాల్సింది ఒకటుంది, దానికి కరెంటు కూడా అక్కర్లేదు. రోగిని బోర్లా పడుకోబెట్టడం. వీపువైపు నలిగిన గదులు తెరుచుకుంటాయి. 2013లో వచ్చిన ఫ్రెంచి పరిశోధనలో రోజుకు 16 గంటలకు పైగా ఇలా ఉంచితే 28 రోజుల్లో మరణాలు 33 శాతం నుంచి 16కి తగ్గాయి. కావాల్సిందల్లా గొట్టాలు ఊడకుండా తిప్పడం తెలిసిన ఐదారుగురు. ఎక్మో ఖర్చు లక్షల్లో మొదలవుతుంది. కోనసీమ నుంచి ఏ పెద్దాసుపత్రికి పోవాలన్నా యెదుర్లంక వంతెనో, రావులపాలెం వంతెనో, అలాంటిదేదో ఒకటి దాటాలి, రైలు లేదు. కాబట్టి ఈ బోర్లా విద్య మా దగ్గర ప్రతి ఐసీయూలో గట్టిగా ఉండాలన్నది నా పట్టుదల. అదీ చాలనప్పుడే రెండో దారి. అదైనా మరీ ఆలస్యం కాకముందే. వారాలపాటు వెంటిలేటరు దెబ్బలు తిన్న ఊపిరితిత్తికి చెరువు నింపి లాభం లేదు.

2021లో లక్నో నుంచి విమానంలో సికింద్రాబాదు కిమ్స్‌కి తెచ్చిన 12 ఏళ్ల కుర్రాడు 65 రోజులు ఎక్మో మీద ఉండి ఇంటికి వెళ్లాడు. 65 రోజులంటే ఎంతో మావాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, 1995లో పాశర్లపూడి గ్యాసు బావి మండింది అన్నాళ్లే. రాత్రీ పగలూ తేడా తెలీకుండా పోయింది ఆ చుట్టుపక్కల. అన్నాళ్లూ ఆ పెట్టె పక్కన మూడు షిఫ్టుల్లో ఎవరో ఒకరు కళ్లు ఆర్పకుండా కూర్చున్నారన్న సంగతి నాకు రక్తం పారడం కన్నా గొప్పగా తోస్తుంది.

కూర్చుని ఏం చేస్తారు? టార్చిలైటు వేస్తారు. పెట్టె మూలల్లో, రక్తం నెమ్మదించే చోట, గడ్డ కడుతుందేమోనని. నల్లటి చుక్క కనబడితే గుర్తు పెట్టుకుని, అది పెరుగుతోందా లేదా అని గంట గంటకీ చూస్తారు. గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. ఎక్కువైతే మెదడులో రక్తస్రావం, తక్కువైతే పెట్టె పూడిపోతుంది. ఈ రెంటి మధ్య సన్నటి గట్టు మీదే వాళ్ల నడకంతా. పెట్టెకు ముందూ వెనకా ఒత్తిడి ఎంతుందో రాసుకుంటారు, తేడా పెరుగుతోందంటే లోపల పూడుతోందని. పెట్టెలోని సన్న గొట్టాల్లో చేరిన ఆవిరినీటిని దులపడానికి మధ్యమధ్య గాలిని ఒక్కసారి జోరుగా వదులుతారు. మంచం కడ్డీకి ఎప్పుడూ క్లాంపులు తగిలించి ఉంటాయి. కరెంటు పోయి, బ్యాటరీ కూడా మొరాయిస్తే పంపును చేత్తో తిప్పడానికి ఒక పిడి ఉంటుంది. "ఎప్పుడైనా తిప్పావా?" అన్నాను. "ప్రాక్టీసుకి నెలకోసారి. నిజంగా ఒక్కసారే. నాలుగు నిమిషాలు." ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు.

అన్నిటికన్నా ముందు, గదిలో అడుగుపెట్టగానే చూసేది ఆ రెండు గొట్టాల రంగు. లాగే గొట్టం నేరేడుపండు రంగులో ఉండాలి, వదిలే గొట్టం మందారం రంగులో ఉండాలి. రెండూ నల్లగా ఉంటే గాలిగొట్టం ఊడిందో, సిలిండరు అయిపోయిందో, పెట్టె చచ్చిపోయిందో. రెండూ ఎర్రగా ఉన్నా సంతోషించకూడదు. వదిలిన రక్తాన్నే మళ్లీ లాగుతోంది, ఒంటికి అందడం లేదని అర్థం. ఏ మీటరూ చూడకుండా గుమ్మంలోంచే తెలిసిపోతుంది.

ఆ రంగులు ఒకటి కావాలని కోరుకునే రోజు కూడా ఒకటుంటుందట. ఎక్స్‌రేలో తెలుపు విడి, ఊపిరితిత్తులు మళ్లీ మెత్తబడ్డాయనుకున్నాక, పంపు ఆపకుండా గాలి మీట మాత్రం సున్నాకి తిప్పేస్తారు. రక్తం పెట్టెలోంచి పారుతూనే ఉంటుంది కానీ అక్కడ దానికి దొరికేదేమీ ఉండదు. చూస్తుండగానే మందారం గొట్టం నేరేడు రంగుకి తిరుగుతుంది. నిన్నటిదాకా ఆ రంగు చూస్తే పరుగెత్తేవాళ్లు ఇప్పుడు కదలరు. గంటల తరబడి, ఒక్కోసారి రాత్రంతా అలాగే వదిలేస్తారు.

"అప్పుడు గొట్టాల వంక ఎవడూ చూడడు మావయ్యా" అన్నాడు, పెట్టెను తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంటూ. "అందరం వేలికున్న క్లిప్పు వంకే చూస్తాం."